గోరింక ఇవ్వని మాట

అడవిలోని బడికి లైబ్రేరియన్ కావాలని హెడ్మాస్టరు ఏనుగు చాటింపు వేయించింది. నాగుపాము, గోరింక వచ్చాయి.

"నేను అలమరను చుట్టుకుని పడుకుంటే ఒక్క పుస్తకమూ కదలదండీ," అంది పాము. ఏనుగు మురిసిపోయింది.

"ఒక్క పేజీ కూడా చిరగదని నువ్వు మాటిస్తావా?" అని గోరింకను అడిగింది.

గోరింకకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. అయినా అబద్ధమాడడానికి నోరు రాలేదు. "ఇవ్వనండీ. పిల్లలు చదివితే చిరుగుతాయి. నేను అతికిస్తాను."

"అయితే నువ్వు వెళ్ళొచ్చు."

గోరింకకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ వెళ్ళిపోలేదు. కిటికీ మీద వాలి, బయట ఆడుకుంటున్న పిల్లలకు ఓ కథ అందుకుంది. వరదలో కొట్టుకుపోతున్న జింక ఒడ్డు అందుకోబోతుండగా ఠక్కున ఆపేసింది.

"తర్వాత?" అని అరిచాయి కుందేలు పిల్లలు.

"ఆ అలమరలో ఉంది. వచ్చి చదువుకోండి!"

పిల్లలన్నీ బిలబిలమంటూ లోపలికొచ్చాయి. అలమరను చుట్టుకున్న పాము బుసకొట్టినా ఒక్కటీ ఆగలేదు. ఆ తొక్కిసలాటకు జడిసి పామే బయటికి జారుకుంది.

"నిన్ను వెళ్ళమన్నానుగా!" అని గోరింక మీద ఘీంకరించింది ఏనుగు.

"వెళ్ళనండీ. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను."

ఏనుగు గుర్రుగా చూసింది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ జింక బతికిందా?" అని అడిగింది.

"పిల్లలు చదివాక మీకిస్తాను," అంది గోరింక. "వరసలో నిలబడండి."