పదేళ్లు చాలవు

మేస్త్రి బాత్‌రూమ్ ద్వారబంధాన్ని సుత్తితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"పుచ్చింది అడుగున జానెడే. అతుకు వేస్తే సరిపోతుంది. మొత్తం మార్చాలంటే గోడ పగలగొట్టాలి," అన్నాడు.

ఇంటాయన హమ్మయ్య అనుకున్నాడు. ఇల్లాలు మాత్రం టేపు పట్టుకుని ద్వారం వెడల్పు కొలుస్తూనే ఉంది.

గోడ కట్టడం దగ్గర్నుంచి కుళాయి బిగించడం దాకా అన్నీ తానే చేసే ఆ మేస్త్రికి, ఉన్నదాన్ని పీకి కొత్తది పెట్టడమంటే ఒళ్లుమంట. అతని చొక్కా బొత్తాల్లో ఏ రెండూ ఒక రంగువి కావు. అలాంటివాడికి ఈ ఇంటి పనులు బొత్తిగా మింగుడుపడలేదు. వాకిట్లో మెట్లు నిక్షేపంగా ఉంటే, వాటిని కొట్టేసి ఏటవాలుగా బాట పొయ్యమన్నారు. గదుల మధ్య గడపలు తీసేయమన్నారు. గీత కూడా పడని వాష్‌బేసిన్‌ని కిందికి దించమన్నారు. స్విచ్చులు కిందికి, అద్దం కిందికి, ఆఖరికి తువ్వాలు తగిలించే కొక్కెం కూడా కిందికే.

ఇదంతా ఎవరి కోసమని ఉండబట్టలేక అడిగేశాడు.

"మాతో ఉండడానికి వస్తోంది. తను నడవలేదు, చక్రాల కుర్చీలోనే తిరగాలి," అంది ఆమె.

మేస్త్రికి సగం చెబితే చాలు, మిగతా సగం తనే కట్టేసుకుంటాడు. "అత్తగారా?" అన్నాడు జాలిగా.

భార్యాభర్తలు ముఖముఖాలు చూసుకున్నారు. "వచ్చాక మీరే చూద్దురు గాని," అని నవ్వేశాడు ఇంటాయన.

తల్లికీ భార్యకీ మధ్య ఏళ్ల తరబడి అడకత్తెరలో పోకచెక్కలా నలిగినవాడు మేస్త్రి. అత్తగారి కోసం ఇల్లంతా మార్పిస్తున్న ఈ కోడలి మీద అతనికి గౌరవం పుట్టుకొచ్చింది. పెద్దావిడని పట్టుకుని 'తను' అనడం ఒక్కటే రుచించలేదు. పోనీలే, ఈ కాలం పిల్లలు అని సరిపెట్టుకున్నాడు.

మళ్లీ ద్వారబంధం మాట వచ్చింది. "నేను వేసిన అతుకు పదేళ్లదాకా ఢోకా లేకుండా ఉంటుందమ్మా. ఆ పెద్దప్రాణానికి అంతకంటే ఏం కావాలి చెప్పు?" అన్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. "పదేళ్లు చాలవు," అంది.

కోడలంటే ఇలా ఉండాలి అనుకున్నాడు మేస్త్రి. అయినా చివరికి అతని మాటే నెగ్గింది. గోడ పగలగొడితే శుక్రవారానికి పని తెమలదు. శుక్రవారం ఒక మేడం వచ్చి ఇల్లు చూస్తుందట. ఆమె సరేనంటేనే ఆ వచ్చే మనిషి వస్తుంది, లేదంటే లేదు. మేడం అంటే ఆడపడుచే అయ్యుంటుందని మేస్త్రి తీర్మానించాడు. అత్తగారి గండం గట్టెక్కినా ఆడపడుచు గండం ఎవరికీ తప్పదు కదా.

అన్నట్టుగానే మేడం ఖాళీ చక్రాల కుర్చీ ఒకటి తోసుకుంటూ వచ్చింది. ఏటవాలు బాట ఎక్కించి చూసింది. గదులన్నీ తిప్పింది. కుర్చీలో తానే కూర్చుని స్విచ్చులు వేసి, కొక్కెం అందుతుందో లేదో చూసింది. ఒక్కోదానికీ తల ఊపుతుంటే ఇల్లాలి ముఖం వెలిగిపోతోంది. చివరికి బాత్‌రూమ్ దగ్గర కుర్చీ చక్రం ద్వారబంధానికి తగిలి ఆగిపోయింది, సరిగ్గా మేస్త్రి అతుకు వేసిన చోట.

"తన కుర్చీ ఇంత పెద్దది కాదు కదండీ. అది పడుతుంది," అన్నాడు ఇంటాయన.

"ఇప్పటికి పడుతుంది. ముందుముందు పెద్దది కావాలి కదా. ఇది మార్చేదాకా నేను ఒప్పుకోలేను," అని మేడం వెళ్లిపోయింది.

వయసు మీద పడితే మనిషి చిక్కిపోవాలి గాని, కుర్చీ పెద్దది కావడమేమిటని మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. ఈ కోడలి చేతి తిండి అలాంటిది కాబోలు.

ఆమె మాత్రం ఆ ద్వారం పక్కనే నేలమీద కూలబడింది. ఇంతకుముందు ఒకసారి అందినట్టే అంది చేజారిపోయిందనీ, అప్పుడు నలుగురికీ చెప్పుకుని భంగపడ్డామనీ, అందుకే ఈసారి గడప దాటి లోపలికి వచ్చేదాకా నోరు విప్పకూడదనుకున్నామనీ చెప్పి ఏడ్చింది. మేస్త్రికి ప్రాణం చివుక్కుమంది. తన మొండితనమే వాళ్ల ఆశకి అడ్డం పడింది.

"లే తల్లీ. తప్పు నాది. ఈ గోడ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు.

తన అతుకుని తన చేత్తోనే పీకేశాడు. అంత కసిగా అతను ఎప్పుడూ సుత్తి పట్టలేదు. గోడ పగలగొట్టి, పుచ్చు ఎరగని కొయ్యతో వెడల్పాటి ద్వారబంధం నిలబెట్టాడు. ఎన్నాళ్లుంటుందని ఆమె బెదురుగా అడిగింది.

"మీ మనవలు కూడా ఇందులోంచే తిరుగుతారు," అన్నాడు.

ఆ మాటకి ఆమె కళ్లు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వింది. మేడం మళ్లీ వచ్చింది. పెద్ద కుర్చీ ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్లి బయటికి వచ్చింది. సరే అంది మేడం.

ఆ మర్నాడు మేస్త్రి ఉతికిన చొక్కా తొడుక్కుని, పిలవకుండానే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. 'రండి పెద్దమ్మా, ఇల్లు బాగుందా?' అని పలకరించాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. కారు ఆగింది. ఇంటాయన కుర్చీ దించి మడత విప్పాడు. ఇల్లాలు కారులోకి వంగింది.

కొత్త అమ్మ మెడ కావలించుకుని దిగిన ఆ పెద్దమ్మకి ఆరేళ్లుంటాయి.