నాన్న తనిఖీ

“ఆ పెట్టె కింద పెట్టండి, అంకుల్.”

వెనక నుంచి గొంతు వినబడేసరికి ఆయన చేతిలోని స్కేలు జారి నేలమీద పడింది. గోదాము గుమ్మంలో జాబ్ కోచ్ నిలబడి ఉంది. వికలాంగులైన కుర్రవాళ్లకు పని చూపించి, అది పట్టుబడేదాకా పక్కనే ఉండి నేర్పే సంస్థ తరఫున వస్తుందామె. ఆయన కూతురు చిన్నిని ఇక్కడ చేర్చింది ఆమే.

“అమ్మాయిని ఇంటికి తీసుకెళ్దామని వచ్చానమ్మా.”

“తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు పెట్టెలు విప్పరు. ఎన్నాళ్లుగా సాగుతోంది ఇది?”

ఆయన తల దించుకోలేదు.

“మూడు నెలలుగా. అయితే ఏం?”

చిన్నికి ఇరవైమూడేళ్లు. పుట్టినప్పటి నుంచీ మాట నెమ్మది, లెక్క నెమ్మది. ఇంతకుముందు మూడు చోట్ల పనికి పెడితే మూడు చోట్లా నెల తిరక్కుండా పంపించేశారు. ఈ గోదాములో స్కూలు పిల్లల కిట్లు సర్దుతుంది. ఒక్కో పెట్టెలో పన్నెండు వస్తువులు. మొదట్లో కోచ్ ఆ పన్నెండింటి బొమ్మలూ వేసిన కార్డు బల్లకు అతికించి, రెండు నెలలు పక్కనే కూర్చుంది. మూడో నెల రాగానే చిన్నే ఆ కార్డు పీకి ఆమె చేతిలో పెట్టేసింది. “ఇంక అక్కర్లేదక్కా” అంది.

తండ్రి ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సరుకు తనిఖీ చేసి రిటైరయ్యాడు. భార్య ఆఫీసుకీ, కూతురు గోదాముకీ వెళ్లిపోతే, ఆయన గడ్డం కూడా గీసుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒక సాయంత్రం కూతుర్ని తీసుకెళ్దామని వచ్చి, ఆమె గుమ్మం పక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఊరికే ఒక పెట్టె మూత తెరిచాడు. రబ్బరు లేదు. గబగబా ఒకటి తెచ్చి అందులో పడేశాడు. ఆ సంగతి బయటపడకూడదని ఇంటిదాకా ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ తిన్నాడు.

మర్నాడు వెతికితే నాలుగు తప్పులు దొరికాయి. ఆ మర్నాడు మళ్లీ నాలుగు. ఇక ఆగలేదు. రోజూ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాలుగున్నరకల్లా హాజరు. మర్నాడు పొద్దున టేపు వేసేదాకా పెట్టెలు అరలోనే ఉంటాయి కనుక ఆయన పని సాఫీగా సాగిపోయేది. మధ్యలో జ్వరంతో మూడు రోజులు రాలేకపోయాడు. ఆ మూడు రోజుల సరుకు మీద ఏ ఫిర్యాదూ రాలేదు. అదృష్టం అనుకున్నాడు.

“సూపర్వైజరు గారికి తెలిస్తే?” అంది కోచ్.

“తెలియనిస్తేగా! వచ్చే శుక్రవారంతో ఆర్నెల్ల గడువు అయిపోతుంది. పర్మనెంటు కాగితం చేతికొచ్చాక కూడా వస్తాను. ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ వస్తాను. నా కూతుర్ని ఇంకొక్కడు వేలెత్తి చూపితే ఊరుకునేది లేదు.”

“ఆ ఓపిక అయిపోయాక?”

“అప్పటి సంగతి అప్పుడు” అని గొణిగాడాయన.

“మీరు చాటుగా దిద్దేస్తుంటే తనకేం వచ్చో, ఏం రాదో నాకెలా తెలుస్తుంది? తప్పులుంటే మళ్లీ నేర్పుతాను. నేనున్నది అందుకే కదా! శుక్రవారం దాకా మీరు ఈ గేటు దాటి రావద్దు.”

“వస్తాను. ఏం చేస్తావో చేసుకో.”

“రావద్దు నాన్నా.”

తడి చేతులు తుడుచుకుంటూ చిన్ని వచ్చి నిలబడింది.

“నువ్వుండు తల్లీ, నీకు తెలీదు.”

“నా ముందే... నా గురించి మాట్లాడుకుంటారు. నన్ను మాత్రం అడగరు.” మాటలు నెమ్మదిగానే వచ్చాయి కానీ ఒక్కటీ తడబడలేదు. “పని నాది. తప్పయితే తిట్లు కూడా నావే. నువ్వు రావద్దు.”

ఆ వారమంతా ఆయనకు ఇల్లు కొత్తచోటులా అనిపించింది. గడ్డం మళ్లీ పెరిగింది. గురువారం కాళ్లు ఆగక గోదాము గేటుదాకా వెళ్లి, కూతురి మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగొచ్చాడు.

శుక్రవారం సూపర్వైజరు ముగ్గుర్నీ పిలిచాడు. మొదట్లో చిన్నిని చేర్చుకోవడానికి ససేమిరా అన్న మనిషి ఆయనే. కాగితాలు తిరగేసి, కోచ్ వైపు తిరిగి అడిగాడు.

“ఈ అమ్మాయికి చెబితే అర్థమవుతుంది కదండీ?”

“నాకే చెప్పండి” అంది చిన్ని. “ఉద్యోగం అక్కది కాదు.”

సూపర్వైజరు దగ్గి, కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

“ఈ వారం నువ్వు సర్దిన పెట్టెలన్నీ నేనే విప్పించి చూశాను. ఎక్కడో ఒక చోట దొరక్కపోతావా అనే చూశాను, అబద్ధమెందుకు! ఒక్క తప్పు లేదు. నిన్ను పర్మనెంటు చేస్తున్నాం. సోమవారం ఇద్దరు కొత్తవాళ్లు వస్తున్నారు, నువ్వే నేర్పాలి. నేర్పగలవా?”

“నేర్పుతాను. జీతం పెంచుతారా?”

కోచ్ కిసుక్కున నవ్వింది. సూపర్వైజరు నవ్వాపుకుని, పెంచక తప్పుతుందా అన్నాడు.

తండ్రి మాత్రం నవ్వలేదు. బయటికొచ్చి సగం దారి నడిచాక ఆగిపోయాడు.

“చిన్నీ, నా కళ్లతో నేను చూశానే! రోజూ నాలుగు పెట్టెల్లో తప్పులు. ఒక్క వారంలో ఎలా మాయమైపోయాయే? నన్ను చూస్తే కంగారుపడేదానివా?”

చిన్ని తల అడ్డంగా ఊపి, ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఆ నాలుగూ నీకోసం పెట్టేదాన్ని, నాన్నా.”