సంతకం వద్దన్న కుర్రాడు

“సంతకమే గదా ఆకాషూ నీకు కావాల్సింది? తే, ఇప్పుడే పెట్టి ఇస్తా. బస్సెక్కి ఎమ్మిగనూరు పో.”

జిన్నింగు మిల్లు ఫోర్‌మన్ లక్ష్మప్ప జేబులోంచి పెన్ను కూడా తీశాడు. చేతిలో చీపురుతో నిలబడ్డ కుర్రాడికి ఒళ్ళు మండింది.

“సంతకం కోసం రాలేదన్నా. పని నేర్చుకుందామని వచ్చినా.”

“అందరూ ఇదే మాట చెప్తారు. మొదటి రోజు కాలేజీ లెటరిచ్చి మాయమైతారు. ఆఖర్న సర్టిఫికెట్టు కావాలని ఊడిపడతారు. ఇంజనీర్లంట. స్పానరు ఏ పక్క తిప్పాల్నో తెలీదు.”

ఇంజనీరింగు పిల్లల ఇంటర్న్‌షిప్పులంటే ఆదోని మిల్లుల్లో ఇదే రివాజు. కాలేజీకి కాగితం అందుతుంది, కుర్రాడికి సెలవులు దొరుకుతాయి, ఎవరికీ నష్టం లేదు. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి ఈ ఒక్కడు దాపురించాడని లక్ష్మప్ప చిరాకు. రోజూ పొద్దున్నే దిగుతాడు. పొమ్మన్నా పోడు.

పోనివాణ్ణి ఏం చేయాలి? ఊడ్వమన్నాడు. టీ తెమ్మన్నాడు. పత్తి కుప్ప దగ్గర కూర్చుని ఆకులూ పుల్లలూ ఏరమన్నాడు. రోలర్ల వరుస దగ్గరికి మాత్రం రానివ్వలేదు. కుర్రాడికి కావలసింది సరిగ్గా ఆ చోటే. గింజ ఒక పక్కకూ దూది ఒక పక్కకూ విడిపోవాలంటే రోలరుకూ కత్తికీ మధ్య సందు ఎలా సరిచేస్తారో చూపించమని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది.

“చెయ్యి గియ్యి పోతే మీ నాయన నాగేశ్వరయ్య సెట్టికి నేనేం జవాబు చెప్పాల?” అనేవాడు లక్ష్మప్ప. “అంత పెద్ద అంగడి పెట్టుకోని నీకెందుకప్పా ఈ మసి?”

కుర్రాడు పళ్ళు బిగించి ఊడ్చేవాడు. ఈ రెండు నెలలూ ఇలాగే గడిచిపోతే, మళ్ళీ ఇలాంటి మిషను దగ్గరికి తనను ఎవరు రానిస్తారు? చీపురు పట్టడానికా రోజూ ఇంత దూరం వస్తున్నది? కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చేది.

ఒక మధ్యాహ్నం అతడు టిఫిను డబ్బా విప్పితే లక్ష్మప్ప తొంగిచూశాడు. జొన్నరొట్టె, ఉల్లికారం.

“సెట్టి ఇంట్లో గూడ ఇదేనా? ఇది మీ అంగట్లో మూటలు మోసే గిడ్డయ్య తినే కూడు గదప్పా. వాని కొడుకు డిప్లొమా నడుమలో మానుకోని మూటలకే వచ్చినాడంట, పాపం.”

“నాకు ఇదే ఇష్టమన్నా,” అన్నాడు కుర్రాడు, డబ్బాకు మూత పెట్టేస్తూ.

ఫిట్టరు తిక్కయ్య చెల్లెలి పెండ్లికని హొళగుంద పోయిన రోజున ఒక మిషను మొరాయించింది. గింజల్ని దూదితో సహా కిందికి కక్కసాగింది. బయట పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. సాయం పట్టడానికి లక్ష్మప్పకు మరో మనిషి లేడు.

“ఆకాషూ.”

మూడోసారి పిలిస్తే గాని కుర్రాడు తల తిప్పలేదు.

“చెవుడా ఏమప్పా నీకు?”

“మిషన్ల మోతలో వినపడలేదన్నా.”

“స్పానరు పట్టు. చెప్పిందే చెయ్యి, సొంత తెలివి వద్దు.”

కుర్రాడు మిషను కిందికి దూరాడు. బోల్టు బిగించాడు. సందు ఎక్కువైందని తిట్లు తిన్నాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. మణికట్టు గీరుకుపోయినా పైకి చెప్పలేదు. స్విచ్చు వేయగానే గింజలు నున్నగా రాలాయి. లక్ష్మప్ప వాటిని అరచేతిలో నలిపి చూసి, బయటి ట్రాక్టర్ల వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు మాత్రం చీపురు ఇవ్వలేదు. తిక్కయ్య తిరిగి వచ్చాక కూడా స్పానరు కుర్రాడి చేతిలోనే ఉండిపోయింది. పనిచేస్తున్నప్పటి ఫోటో పంపమని కాలేజీ వాళ్ళు అడిగితే కుర్రాడు ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకునే దిగాడు. ఆ దూది నుసిలో గుడ్డ విప్పేదెవరు?

ఆఖరి రోజు లక్ష్మప్ప తనే పిలిచి సర్టిఫికెట్టు చేతికిచ్చాడు.

“చానా మందికి సంతకాలు పెట్టినానప్పా. అన్నీ దొంగ సంతకాలే. మనసారా పెట్టింది ఇదొక్కటే. ఓనరుతో గూడ మాట్లాడినా. నీ డిగ్రీ చేతికి రానీ, ఈడే ఇంజనీరుగా పెట్టుకుంటాడంట.”

కుర్రాడి మొహంలో సంతోషం కనపడలేదు.

“ఫిట్టరుగా పెట్టుకోండన్నా. ఈ పొద్దే చేరతా.”

“పిచ్చోడా. ఇంజనీరింగు చదివి ఫిట్టరు పనా? మీ నాయన నన్ను తంతాడు. చదువు ముగించుకోని రా.”

“ఒక మాట చెప్పాలన్నా.”

“చెప్పు. నాకేందో సిగ్గుగా ఉండాదప్పా, మొదట్లో నిన్ను గూడ దొంగల్లో కలిపేసినా. ఇంతమందిలో నిజమైనోడు ఒకడు దొరికినాడని మా ఇంట్లో గూడ చెప్పుకున్నా.”

కుర్రాడు స్పానరు తెచ్చి అతడి ముందు పెట్టాడు.

“ఏం లేదన్నా. పోయొస్తా.”

గేటు బయట నిలబడి కాగితం చదువుకున్నాడు. నాగేశ్వరయ్య గారి అబ్బాయి ఆకాష్ తమ మిల్లులో శ్రద్ధగా పనిచేశాడనీ, మిషను పని క్షుణ్ణంగా నేర్చుకున్నాడనీ, అలాంటి విద్యార్థిని తాము ఇంతవరకు చూడలేదనీ రాసి ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతడికి తెలియలేదు. కాగితం నలగకుండా సంచిలో పెట్టుకుని, తన నాయన మూటలు మోసే అంగట్లో దాన్ని అప్పజెప్పడానికి బస్టాండు వైపు నడిచాడు.

అసలు ఆకాష్ ఆ మిల్లు గుమ్మం ఒక్కసారైనా తొక్కలేదు.