తప్పిపోయిన నలుగురు

“ఆ నలుగురి పేర్లూ తేలాయా, నోనా?” రేవు అధికారి దామియన్ గుమ్మంలోంచి అడిగాడు. ఆ ఊళ్లో అమ్మాయిల్ని నోనా అనీ, పెద్దమనుషుల్ని పాక్ అనీ పిలుస్తారు.

“ఇంకొంచెం సేపు, పాక్,” అంది యోవిటా, కంప్యూటర్ తెర మీంచి కళ్లు తిప్పకుండా.

అబద్ధం. సంగతి తేలి అరగంట దాటింది.

ఫ్లోరెస్ దీవి తీరంలోని ఆ రేవు నుంచి ఎదుటి దీవికి బయల్దేరిన పడవ పొద్దున తిరగబడింది. ఎక్కినవాళ్లు నలభై ఏడుగురని యోవిటా రాసిన ప్రోగ్రాం చెప్పింది. ఒడ్డుకు చేరినవాళ్లు నలభై ముగ్గురు. మిగతా నలుగురూ ఎవరో చూడమన్నారు. ఒడ్డుకు చేరినవాళ్లని ఉంచిన ఆసుపత్రి నుంచీ చర్చి నుంచీ వచ్చిన పేర్లకు ఆమె ఒక్కొక్కటిగా టిక్కు పెడుతూ వెళ్లింది. జాబితా అయిపోయింది. టిక్కు లేని పేరు ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడు తన కోడ్ తెరిచి చూసింది. పెద్ద జాబితాలో విడి ప్రయాణికులున్నారు. వాళ్ల మధ్య నాలుగు కుటుంబాల చిన్న జాబితాలున్నాయి. ఎంతమందని అడిగితే ఒక్కో చిన్న జాబితా తనలోని మనుషుల్నే లెక్క చెప్పాలి. అది తనను కూడా ఒక మనిషిగా కలుపుకుంటోంది. నాలుగు కుటుంబాలకు, లేని మనుషులు నలుగురు.

“చేత్తో లెక్కపెట్టే రోజులు పోయాయి, పాక్,” అని పోయిన నెల అందరి ముందూ అన్నది తనే. అది గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. కుర్చీలోంచి లేవలేకపోయింది. కిటికీ అవతల, ఆ నలుగురినీ వెతకడానికి వెళ్లిన మూడు జాలరి పడవలు అలల మీద లేచి పడుతున్నాయి. ముందున్న పడవ ఆమె మేనమామ లోరెన్స్‌ది.

అతని భార్య మార్తా కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. “మీ మామ పొద్దుట్నించీ ఏమీ తినలేదే. ఆ నలుగురూ దొరికేదాకా రానన్నాట్ట.”

యోవిటా లేచి నిలబడింది.

“పాక్, ఎవరూ తప్పిపోలేదు. జాబితాలో వాళ్లంతా ఒడ్డునే ఉన్నారు. లెక్క నేనే తప్పు రాశాను.”

“ఎప్పుడు తెలిసింది?”

“ముప్పావుగంటైంది.”

దామియన్ గుమ్మం దాటి లోపలికొచ్చాడు. “నీకు సిగ్గేసిందని, ఈ గాలిలో ఆ మూడు పడవల్లో పదకొండు మంది, లేని మనుషుల కోసం వెతుకుతున్నారన్నమాట.”

ఆమె తల దించుకుంది. మార్తా ఆమె వైపు చూడనుకూడా లేదు.

దామియన్ వైర్‌లెస్ అందుకున్నాడు. “లోరెన్స్, వెనక్కొచ్చెయ్యండి. తప్పిపోయినవాళ్లెవరూ లేరు.”

కాసేపు గరగర. తర్వాత లోరెన్స్ గొంతు వినిపించింది.

“అదేంటి పాక్, ఇప్పుడే ఒకామెను పైకి లాగాం. ప్రాణంతోనే ఉంది. పడవలో అమ్ముకునే అన్నం పొట్లాల సంచి ఇంకా భుజానికే ఉంది. పేరు బెర్గిటా అంటోంది.”

దామియన్ యోవిటా వైపు తిరిగాడు. ఆమె జాబితాను మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివింది. మళ్లీ చదివింది.

ఆ పేరు అందులో లేదు.