ఊపిరి పందెం

"రేపటి నుంచి షెడ్డుకి వెళ్తున్నాను," అన్నాడు రాళ్లు కోసే ఆయన, కంచం ముందు నుంచి లేస్తూ.

"నా రాళ్లు చూశారా?" అంది టైలరమ్మ, బట్టల కుప్ప తిరగేస్తూ.

"నేనేం చెబుతున్నాను, నువ్వేం అడుగుతున్నావు?"

"రెండు పలకలూ కనపడి చావడం లేదు. గుడ్డ జారిపోతే కత్తెర ఎటు పోతుందో నాకే తెలీదు."

అవి నల్లరాతి పలకలు. పెళ్లైన కొత్తలో ఆయనే కోసి, అద్దంలా నునుపు పట్టి తెచ్చిచ్చాడు. కత్తిరించేటప్పుడు గుడ్డ కదలకుండా ఆమె వాటినే బరువుకి పెడుతుంది.

"నీ గుడ్డల కిందే ఎక్కడో ఉంటాయి. మేస్త్రీ కబురు చేశాడు. రేపు రాకపోతే నా మిషన్ మీద ఇంకొకణ్ని పెడతాడట."

"పెట్టనివ్వండి. ఆ దుమ్ము వాడు మింగుతాడు. మెట్లెక్కి వస్తే గుక్క తిప్పుకోలేని మనిషికి షెడ్డు కావాల్సొచ్చిందా?"

"ఇంట్లో కూర్చుని నీ దారప్పోగులు ఏరుకోమంటావా? నా వల్ల కాదు."

"మాట మాటే. బంతి పడ్డ రోజు నేనే క్యారేజీ కట్టి పంపిస్తాను. అందాకా గడప దాటేది లేదు."

బంతి సంగతి ఇదీ. ఆయన ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయిందని, రోజూ ఊదే వ్యాయామం చేయిస్తే ఊపిరి తిరిగొస్తుందని నర్సు చెప్పింది. చిన్నపిల్లాడిలా బెలూన్లు ఊదనని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు. అప్పుడు టైలరమ్మకి పెట్టెలో వాళ్లమ్మాయి బడి రోజుల రేకు పిల్లనగ్రోవి దొరికింది. మొగుడూ పెళ్లాలు కలిసి దాన్ని పాటకి తప్ప అన్నిటికీ వాడారు. సబ్బు నీళ్లలో ముంచి బుడగలు ఊదారు. బకెట్లో పెట్టి గుడగుడలాడించారు. కాగితం పడవని తొట్టిలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిపించారు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినపడింది.

చివరికి బంతి ఆట దగ్గర స్థిరపడ్డారు. నోటి దగ్గరి సందుకీ ఆరు రంధ్రాలకీ టేపు చుట్టేస్తే గాలంతా గొట్టం కొస నుంచి వస్తుంది. ఆ గాలితో ప్లాస్టిక్ బంతిని, ఒక్క గుక్కలో, బట్టలు కత్తిరించే బల్ల అవతలి అంచు నుంచి కింద పడెయ్యాలి. అది పడిన నాడే షెడ్డు.

బంతి రోజూ సగం దాకా వెళ్లేది. అక్కడ ఆగి, మనసు మార్చుకున్నట్టు వెనక్కి దొర్లేది. "నా బతుకు ఇంతేనా," అని ఆయన తల పట్టుకుంటే టైలరమ్మ కిటికీ వైపు తిరిగేది. ఎందుకంటే అవతలి వైపు బల్ల కాళ్ల కింద గుడ్డ తానుల అట్టలు మడిచి పెట్టింది ఆమే. బల్ల మీది మైనపు గుడ్డ నేల దాకా వేలాడుతుంది కాబట్టి అవి బయటికి కనపడవు. జబ్బు మనిషి చేత ఎత్తు మీదికి ఊదిస్తున్నందుకు సిగ్గుగానే ఉండేది. షెడ్డు తలుచుకుంటే ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోయేది.

"అయితే రా," అన్నాడు ఆయన. "ఇప్పుడే తేల్చుకుందాం."

"ముందు ఆ టేపు పీకి ఒక్క పాట వాయించండి. ఊపిరి ఎంతుందో వింటాను."

"పందెం బంతి మీద. పాట మీద కాదు."

ఆయన బల్ల చివర కూర్చుని బంతిని వేలితో ఆపి పట్టుకున్నాడు. పిల్లనగ్రోవి కొస దానికి ఆనించి, భుజాలు పైకి లాగి, వేలు తీసి ఊదాడు. బంతి సగం దాకా వెళ్లింది. ఆయన పిల్లనగ్రోవి దించేసి దగ్గాడు. టైలరమ్మ చూపు బంతి మీదే ఉంది. అది ఆగలేదు. మెల్లగా అంచు దాకా వచ్చి, ఆమె పాదాల దగ్గర పడింది.

ఆమె వంగి బంతిని చేతిలోకి తీసుకుంది. ఎత్తు మీదికి ఊదాడు. అంత ఎత్తు మీదికి. అంటే ఆ నర్సు చెప్పింది నిజమే, ఊపిరి తిరిగొచ్చింది. తనే పిరికిదానిలా ఈ మనిషిని ఇన్నాళ్లు కట్టిపడేసింది.

"ఏమంటావు?" అన్నాడు ఆయన, చెమట తుడుచుకుంటూ.

"ఏమంటాను. క్యారేజీలోకి ఏం వండమంటారు?" అని కళ్లొత్తుకుంది.

పొద్దున్నే ముక్కుకి కట్టుకోవడానికి మెత్తటి గుడ్డ కుట్టి ఇచ్చింది. వాకిట్లో నిలబడి సాగనంపింది. వీధి మలుపు దగ్గర ఆయన దీపపు స్తంభం పట్టుకుని ఆగాడు. తనని చూడ్డానికే ఆగాడనుకుని ఆమె చెయ్యి ఊపింది. ఆయన తిరిగి చూడకుండా మలుపు తిరిగాడు.

లోపలికి వచ్చి, ఇక ఈ పాపిష్టి అట్టలతో పనేముందని, బల్ల కాస్త ఎత్తి రెండూ లాగి పారేసింది. మనసు తేలికపడింది. పిల్లనగ్రోవిని గుడ్డతో తుడిచి, బంతిని తీసుకెళ్లి ఆయన కూర్చునే చివర బల్ల మీద పెట్టింది.

ఎవరూ ఊదకుండానే బంతి కదిలింది. బల్లంతా దొర్లుకుంటూ పోయి, అవతలి అంచు నుంచి కింద పడింది.

టైలరమ్మ మోకాళ్ల మీద కూలబడి, ఆయన కూర్చునే వైపు మైనపు గుడ్డ పైకెత్తి చూసింది. బల్ల కాళ్ల కింద, తన అట్టలకి రెట్టింపు మందంతో, తన నల్లరాతి పలకలు ఉన్నాయి.