దెంతె

“ఇటలీలో పంటిని ఏమంటారు సురేఖమ్మా?”

గుడియాత్తంలో పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే సురేఖ తలెత్తింది. ఎదురుగా బీడీలు చుట్టే పొన్నమ్మ.

తమిళుల ఆడి నెల వస్తే చాలు, ఈమె దిగబడుతుంది. పన్ను చూపించుకోదు. ఏదో ఒకటి అడిగి పోతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస.

మొదటి ఏడు, “పండ్లు వచ్చేటప్పుడు బిడ్డకి జరమొస్తాదా?” అని.

ఇంకొన్నేళ్ళకు, “పాలపండ్లు ఊడితే నొప్పుంటాదా?” అని.

ఆ తర్వాత, “మిఠాయి తింటే పుచ్చిపోతాయా?” అని.

ఎవరికమ్మా అంటే, “మా పాపకి” అనేది.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఒంటిగా ఉంటుంది. పాప యాణ్ణించి ఊడిపడిందో అని సురేఖ లోలోపలే నవ్వుకునేది.

ఆరోజు బెంచీ నిండా జనం. సురేఖకు విసుగొచ్చింది.

“ఇటలీతో నీకేం పనమ్మా? ఆడ బీడీలు అమ్మేదానికా?”

బెంచీ మీదవాళ్ళు గొల్లున నవ్వారు. పొన్నమ్మా నవ్వింది. పైపెదవి లేచి, పన్ను మీద పన్ను బయటపడింది. గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఊరికే, తెలుసుకుందామని.”

సురేఖ ఫోన్లో వెతికి చెప్పింది. “దెంతె.”

“దెంతె. మన దంతం మాదిరే ఉండాదే.” పొన్నమ్మ ముఖం వెలిగింది. “ఇంగొకటి. జ్ఞానదంతం వచ్చేటప్పుడు శానా నొప్పా? పాపకి పద్దెనిమిది నిండినాయి.”

“లేని పాపకి నొప్పేందమ్మా? పో, పనుండాది.”

పొన్నమ్మ దెంతె, దెంతె అని వల్లె వేసుకుంటూ మెట్లు దిగిపోయింది.

మరుసటి ఆడికి రాలేదు. ముందటి ఏడు వానల్లోనే జ్వరమొచ్చి పోయిందని ఎవరో చెప్పారు. అయ్యో అనుకుని, సురేఖ తర్వాతి చీటీ రాసింది.

ఈ ఏడు ఆడిలో, కాట్పాడి నుంచి జీవా అనే గైడు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. చామనఛాయ పిల్ల. తెలుగూ రాదు, తమిళమూ రాదు.

“సురేఖమ్మంటే మీరేనా? ఈ పాప ఇటలీ నించి వచ్చినాది. వేలూరు అనాథాశ్రమంలో ఈ కాగితం ఇచ్చినారు.”

ఎవరిచేతో తమిళంలో రాయించిన కాగితం. కింద వేలిముద్ర. జీవా చదివి తెలుగులో చెప్పాడు.

“నన్ను వెతుక్కోని వస్తే, గుడియాత్తం పండ్ల డాక్టరు కాడికి పంపండి. ఆడ సురేఖమ్మ ఉండాది. నన్ను ఎరిగిన మనిషి ఆమొక్కతే. ఇట్లు, పొన్నమ్మ.”

సురేఖ ఆ వేలిముద్ర వంక చూసింది. తను ఎరిగిందేముంది, నలుగురిలో నవ్వులపాలు చేయడం తప్ప?

“పొన్నమ్మ లేదప్పా. పోయి రెండేండ్లు కావస్తాంది.”

జీవా ఆ మాట ఆ పిల్లకు వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె ఏడుపు దాచుకోవడానికి నవ్వబోయింది. పైపెదవి లేచింది.

పన్ను మీద పన్ను.

సురేఖ బల్ల దాటి వచ్చి ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. ఎన్నో చెప్పాలనిపించింది. ఆ భాషలో తనకు వచ్చింది ఒక్క మాటే.

“దెంతె,” అంది, వేలితో ఆ పంటిని చూపిస్తూ, “మీ అమ్మదే తల్లీ.”