ఏడో నంబరు మంచం

నీళ్ల గ్లాసు మంచం అంచు దాకా తెచ్చి, అక్కడే ఆపేశాడు ఆ పెద్దాయన.

"అందుకో చెల్లెమ్మా. నేనివ్వను."

ఏడో నంబరు మంచం మీదున్న ముసలావిడకు తుంటి ఆపరేషనై మూడు రోజులైంది.

ఆవిడ చెయ్యి చాచి అందుకుంది. గ్లాసు ఒరిగి సగం నీళ్లు దుప్పటి పాలయ్యాయి. మిగతా సగం తనే తాగింది.

చూస్తున్న నర్సుకు ఒళ్లు మండింది.

ఆమె ఆ వార్డుకు వచ్చి వారమే అయింది. ఉద్యోగం చేస్తూనే పై చదువు చదువుతోంది. ఆపరేషనైన వృద్ధుల సేవలో నర్సింగ్ సిద్ధాంతాన్ని ఎలా అన్వయించాలో వ్యాసం రాస్తోంది. రోగి చేసుకోగలిగింది రోగినే చేసుకోనివ్వాలి, చేతకానిది మాత్రమే మనం చెయ్యాలి అన్నది ఆ సిద్ధాంతం. అప్పటికే పన్నెండు పేజీలయ్యాయి.

పెద్దాయన రోజూ పదింటికల్లా వచ్చేవాడు.

దువ్వెన ముసలావిడ చేతికే ఇచ్చేవాడు. గౌను బొత్తాలు పెట్టుకోవడానికి ఆమెకు పావుగంట పట్టినా, పక్కన నిలబడి చూసేవాడే తప్ప చెయ్యి వేసేవాడు కాదు.

ఐదో రోజున, డాక్టరు నడవమన్నాడు కదా అని, వాకర్ తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ సణుక్కుంటూనే కిటికీ దాకా వెళ్లొచ్చింది.

"మా ఆయన కూడా నన్నింత సాధించలేదు," అంది ఆయాసపడుతూ.

వార్డంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ముసలావిడ కూతురు నర్సు మీదికి వచ్చింది. మీ ఆస్పత్రి మనిషి మా అమ్మను రాచి రంపాన పెడుతున్నాడంది. ఆయన మీ బంధువనుకున్నానంది నర్సు.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

మర్నాడు నర్సు ఆయన్ను వరండాలోనే ఆపింది.

"మీరు ఆవిడకు ఏమవుతారు తాతగారూ?"

"ఏమీ కానమ్మా."

"మరి మీకెందుకు?"

ఆయన తలుపులోంచి ఏడో నంబరు మంచం వైపు చూశాడు. ఇక రావద్దందామె.

"కూతురికి ఒక్క మాట చెప్పమ్మా. అన్నీ తనే చేసెయ్యొద్దని."

అవన్నీ తమకు తెలుసని చెప్పి పంపేసింది. లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కూ చెప్పింది.

ఆనాటి నుంచి కూతురే తల్లికి స్పూనుతో తినిపించింది. తల దువ్వింది. పక్క దిగనివ్వలేదు. ఇన్నాళ్లకు అమ్మ సుఖపడుతోందని సంబరపడింది.

ముసలావిడ రెండు రోజులు తలుపు వైపే చూసి, "ఆ అన్నయ్య రాలేదేం?" అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. వాకర్ చూపిస్తే మొహం తిప్పుకునేది.

పదో రోజుకు నెమ్ము చేసింది. పద్నాలుగో రోజున ఏడో నంబరు మంచం ఖాళీ అయింది.

ఆ వారమే నర్సు వ్యాసం తిరిగొచ్చింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు. ఆమె దాన్ని తెరిచి చూడలేకపోయింది.

గేటు దగ్గరికి వెళ్లి పెద్దాయన గురించి వాచ్‌మన్‌ను అడిగింది. నాలుగు రోజుల పాటు బయట బల్ల మీద కూర్చున్నాడని, ఆవిడ లేచి నడుస్తోందా అని తప్ప ఇంకేమీ అడగలేదని చెప్పాడు.

"నువ్వేమన్నావు?"

"నాకేం తెలుసు సిస్టర్. బాగానే నడుస్తోందన్నాను. ఆ మాట విన్నాక మళ్లీ రాలేదు."

మర్నాడు, నెల రోజుల సెలవు నుంచి హెడ్ సిస్టర్ వచ్చింది. నర్సు జరిగింది జరిగినట్టు చెప్పి కళ్లు తుడుచుకుంది. మనిషి ఎలా ఉంటాడని ఆమె అడిగింది. విన్నాక వెళ్లి ఏడో నంబరు మంచం పక్కన నిలబడింది.

"నేను సెలవు పెట్టే ముందు ఇదే మంచం మీద, ఇదే ఆపరేషనై ఒకావిడ పోయింది," అంది. "ఆమెను వేలైనా కదపనివ్వకుండా, పదిహేను రోజులూ ప్రేమకొద్దీ అన్నీ తనే చేసి, అలా చెయ్యడం వల్లే పోయిందని నా నోటితో విన్న భర్త ఆయన."